కడుపు కోడలిది, ఫోను నంబరు కొడుకుది

ప్రశ్న: మాది వి.కోట మండలంలో కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న పల్లె. పట్టుపురుగులు మేపుకుని బతుకుతున్నాము. మా కోడలికి ఇప్పుడు అయిదో నెల, తొలిచూలు. అబ్బాయి బెంగళూరులో కారు నడుపుతూ పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తాడు. ఆశా కార్యకర్త కార్డు రాసుకున్నప్పుడు అబ్బాయి నంబరే ఇచ్చాము. ఆ నంబరుకు ఏవో రికార్డు చేసిన మాటలు వస్తుంటే, బండి నడుపుతూ వినలేక కట్ చేస్తున్నానని చెబుతున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద ఫోనులో కోడలు వీడియోలు చూసి, ఐరన్ మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని రెండు వారాలుగా మానేసింది. కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్పే యాప్ కూడా పెట్టుకుని, అందులో అంతా బాగుందంటోంది. ఆశా, అంగన్‌వాడీ టీచరు వచ్చి ఓటీపీ చెప్పమంటే, చెబితే బ్యాంకులో డబ్బు పోతుందని మా ఆయన అడ్డుపడుతున్నాడు. నేను ముగ్గురిని కన్నాను, ఏ ఫోనూ లేదు. ఈ ఫోనును నమ్మవచ్చా? నమ్మితే ఎంతవరకు నమ్మాలి?
– ఒక అత్త, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికంటే ముందు, మీరు అడగకుండా మాటల్లో చెప్పి వదిలేసిన ఒక సంగతి దగ్గర మొదలుపెడతాను. కడుపుతో ఉన్నది మీ కోడలు, నంబరు మాత్రం బెంగళూరు రోడ్ల మీద తిరుగుతున్న మీ అబ్బాయిది. గర్భం నమోదు చేసినప్పుడు ఏఎన్ఎం, అంటే మీ ఊరికి వచ్చే ఆరోగ్య నర్సు, ఏ నంబరు ఎక్కిస్తే, పరీక్షల తేదీలు గుర్తుచేసే సందేశాలు, టీకాల కబుర్లు, జాగ్రత్తలు చెప్పే కాల్స్ అన్నీ ఆ నంబరుకే పోతాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన కిల్కారీ అనే సేవను ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. నాలుగో నెల నుండి బిడ్డకు ఏడాది నిండేవరకు, వారానికి ఒకటి చొప్పున మొత్తం 72 చిన్న సందేశాలను ఆ నెలకు తగినట్లుగా మాటల రూపంలో వినిపించడానికి దాన్ని రూపొందించారు. ఇంటర్నెట్టు అక్కర లేదు, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. అయితే అయిదో నెలలో తల్లి వినవలసిన మాటను కారు నడుపుతున్న తండ్రి కట్ చేస్తే ఆ మాట అక్కడితో పోయినట్లే. మీ అబ్బాయిని తప్పుపట్టడం లేదు. స్టీరింగు పట్టుకుని వినవలసిన మాటలు కావవి.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడిన ఆడవాళ్ళు అయిదుగురిలో ఒకరే, మగవాళ్ళలో దాదాపు సగం మంది. తల్లులకోసం తయారుచేసినవన్నీ తండ్రుల జేబుల్లో మోగుతున్నాయంటే ఆశ్చర్యం లేదు. కాబట్టి మొదట చేయవలసిన పని ఇది: కోడలి పేరు మీద ఒక సిమ్ తీసుకుని, తక్కువ ధరలో దొరికే బటన్ల ఫోనులో వేసి ఆమె చేతికివ్వండి. ఈసారి ఏఎన్ఎం వచ్చినప్పుడు ఆ నంబరును నమోదులో మార్పించండి. ఇలాంటి సందేశాలు ఆ నంబరుకు వచ్చే ఏర్పాటు చేయమని కూడా ఆమెనే అడగండి. స్మార్ట్ ఫోను కొనలేదని బాధపడకండి. మాట్లాడటానికి, వినడానికి, 108కి ఫోను చేయడానికి బటన్ల ఫోను చాలు, పైగా దాని ఛార్జింగు రెండు మూడు రోజులు నిలుస్తుంది. మీ వైపు చాలా ఊళ్ళలో మిద్దె మీదికి ఎక్కితే తప్ప సిగ్నలు అందదని నాకు తెలుసు. ఎనిమిదో నెలలో ఆమె మెట్లెక్కి ఫోను పట్టుకుని నిలబడే పరిస్థితి రాకుండా, ఇంట్లో ఏ కిటికీ దగ్గర ఏ కంపెనీ సిగ్నలు వస్తుందో చూసి ఆ కంపెనీ సిమ్మే తీసుకోండి.

ఇక ఐరన్ మాత్ర. దీని మీద కాస్త ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఆ రెండు వారాలే. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదం. అలా రక్తం తక్కువగా ఉన్న మనిషికి కానుపులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. కానుపు తరువాత కూడా మరో 180 రోజులు వేసుకోవాలి. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుండి వచ్చేదే గాని మాత్ర నుండి వచ్చేది కాదు. మాత్ర వేసుకున్నవారికి మలం నల్లగా రావడం మాత్రం నిజమే, దానివల్ల ఏ హానీ లేదు. బిడ్డ నల్లబడుతుందన్న పుకారు బహుశా అక్కడి నుండే పుట్టి ఉంటుందని నా ఊహ. రాగిసంగటి తింటున్నాం కదా, మాత్ర ఎందుకని మీ వైపు పెద్దవాళ్ళు అడుగుతుంటారు. సంగటి మంచిదే, మానవద్దు. అయితే కడుపులో బిడ్డ పెరుగుతున్న కాలంలో తల్లికి కావలసినంత ఇనుము తిండి ఒక్కదానితోనే అందదు.

మాత్ర పడక వికారం వస్తుంటే మానేయకుండా, రాత్రి అన్నం తిన్న తరువాత వేసుకోమనండి. కాఫీ, టీ తాగిన వెంటనే వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు, కాబట్టి వాటికీ మాత్రకూ కనీసం ఒక గంటైనా ఎడం ఉండాలి. కాల్షియం మాత్రలు కూడా రోజుకు రెండు చొప్పున ఇస్తారు, వాటిని ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. ఫోను ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే: ఉదయం, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియానికి ఒక్కో అలారం, రాత్రి భోజనం తరువాత ఐరనుకు ఒక అలారం. ఏ యాప్ చెప్పే సలహా కంటే కూడా ఆ మూడు మోతలు ఎక్కువ మేలు చేస్తాయి. వీడియోల విషయంలో నేను పెట్టుకున్న కొలత ఒకటే: డాక్టరో ఏఎన్ఎమ్మో ఇచ్చిన మందును మానేయమని చెప్పే ఏ వీడియోనైనా, చెప్పేవారు తెల్లకోటు వేసుకుని ఉన్నా సరే, నమ్మవద్దు. సందేహం వస్తే మాత్ర మానక ముందే ఏఎన్ఎంను అడగాలి. కడుపులో ఉన్నది మగబిడ్డో ఆడబిడ్డో చెబుతామనే వీడియోలూ ప్రకటనలూ కూడా ఆమెకు కనిపిస్తాయి. అవి బూటకమే కాదు, 1994 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

వేలు పెడితే బీపీ చెప్పే యాప్‌ను ఈ ఉత్తరం చదివిన వెంటనే తీసేయించండి. ఇందులో సగం సగం మాట లేదు. బీపీ అంటే రక్తం నాళాల గోడల మీద చూపే ఒత్తిడి. దాన్ని కొలవాలంటే దండ చేతికి పట్టీ చుట్టి, గాలి నింపి, రక్తాన్ని ఒక్క క్షణం ఆపి వదలాలి. కెమెరా లైటు వేలి రంగును చూస్తుందే గాని ఆ ఒత్తిడిని చూడలేదు. అమెరికాలో బాగా అమ్ముడుపోయిన ఇలాంటి యాప్ ఒకదాన్ని వైద్యులు పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాల్లో, బీపీ ఎక్కువగా ఉన్నవారిలో చాలామందికి అది బాగానే ఉందని చూపినట్లు తేలింది. లేని జబ్బును చూపించి భయపెట్టే యాప్ కంటే ఉన్న జబ్బును దాచి ధైర్యం చెప్పే యాప్ ఎక్కువ ప్రమాదం. మీ కోడలు ఇప్పుడు సరిగ్గా అయిదో నెలలో, అంటే 20 వారాల దగ్గర ఉంది. గర్భంతో వచ్చే గుర్రపువాతం (ఫిట్స్), దానికి ముందు పెరిగే బీపీ మొదలయ్యేది ఆ తరువాతే, తొలిచూలు వారిలో మరింత ఎక్కువ. 140/90 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే ఆ రోజే డాక్టరు చూడాలి. విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, రొమ్ము కింద పొట్ట పైభాగంలో నొప్పి, ముఖమూ చేతులూ ఉన్నట్టుండి ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బీపీ చూసేదాకా కూడా ఆగకుండా బయలుదేరండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను తిరుపతిలో డాక్టరుగా పనిచేస్తున్న రోజుల్లో, తెలిసినవాళ్ళ అమ్మాయి ఎనిమిదో నెలలో తన తల్లీబిడ్డల కార్డును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, అంతా బాగానే ఉందా అమ్మా అని అడిగింది. బరువు ఉంది, హిమోగ్లోబిన్ ఉంది, తేదీలు ఉన్నాయి. బాగుందని జవాబిచ్చి నా పనిలో పడ్డాను. రాత్రి మళ్ళీ ఎందుకో ఆ ఫోటో తెరిచి చూస్తే, కార్డు పట్టుకున్న ఆమె బొటనవేలు సరిగ్గా బీపీ గడి మీద ఉంది. ఫోను చేసి వేలి కింద ఏముందో చదవమంటే 150/100 అని చదివింది. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు; తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు. ఆ రోజు నుండి ఎవరు కార్డు ఫోటో పంపినా, ముందు కార్డును చాప మీద పరిచి, వేళ్ళు తీసి మళ్ళీ తీయమని చెబుతున్నాను. మీరూ ప్రతి పరీక్ష తరువాత అలాగే ఒక ఫోటో తీసి ఉంచుకోండి, అబ్బాయికీ పంపండి. వానకు తడిసినా, పుట్టింటికి పోయేటప్పుడు ఇంట్లో మరిచిపోయినా అది అక్కరకు వస్తుంది. ఫోటోను చూసి ధైర్యం చెప్పడం మాత్రం నాలాంటివాళ్ళు చేయకూడని పని.

మరి దూరాన ఉన్న డాక్టరు ఫోనులో చూస్తే ప్రయోజనమే లేదా అంటే, ఉంది, ఇవతల చేయి వేసే మనిషి ఉంటే. ఈ-సంజీవని అనే వీడియో వైద్యసేవను 2019 నవంబరులో దేశంలో మొట్టమొదట అమలుచేసింది మన రాష్ట్రమే. పల్లెలో ఉన్న ఆరోగ్య కేంద్రంలో నర్సు కూర్చుంటుంది, అవతల పట్టణంలో డాక్టరు ఉంటారు. నేనూ కొన్నాళ్ళు అవతలి వైపు కూర్చున్నాను. ఒకసారి ఒక గర్భిణి కాళ్ళ వాపంది. తెరమీద ఆ కాలు మామూలుగానే కనిపించింది. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో అదిమి అయిదు లెక్కపెట్టమన్నాను. నర్సు వేలు తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, పూడలేదు. ఆ గుంటను నాకు చూపించింది కెమెరా, తెలిసేలా చేసింది నర్సు వేలు. కాబట్టి మీ కోడలు ఇంట్లో కూర్చుని ఫోనులో డాక్టరును వెతుక్కునే బదులు, మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అక్కడి నర్సు చేత ఆ కాల్ చేయించుకోవడం మేలు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు స్వయంగా చూసే ఏర్పాటు 2016 నుండి ఉంది. ఆ తేదీని కూడా అలారంలో పెట్టండి.

మీ ఆయన భయం తీసిపారేయవలసింది కాదు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవారు మన జిల్లాలోనూ ఉన్నారు. అయితే అన్ని ఓటీపీలూ ఒకటి కావు. అంగన్‌వాడీ వారు పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో గర్భిణుల వివరాలు రాస్తారు. ఇంటికిచ్చే సరుకులకు ముఖం ఫోటో తీసి గుర్తించే పద్ధతిని 2025లో తప్పనిసరి చేశారు, దానికీ ఆరోగ్య ఖాతా నంబరుకూ ఓటీపీ అడుగుతారు. ఆశా గాని, టీచరు గాని మీ ఎదుట నిలబడి, దేనికో చెప్పి అడిగితే, వచ్చిన సందేశం పూర్తిగా చదివి అది బ్యాంకుది కాదని చూసుకుని చెప్పండి. తెలిసినవారి పేరు చెప్పి ఫోనులో ఎవరు అడిగినా చెప్పవద్దు. తొలి కానుపుకు మాతృ వందన పథకం కింద 5,000 రూపాయలు రెండు విడతలుగా వస్తాయి. ఆ డబ్బు వేస్తామని లింకు పంపేవారు, పిన్ నంబరు కొట్టమనేవారు మోసగాళ్ళే. ఆ డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది, దానికోసం మీరు ఏదీ నొక్కనక్కర లేదు. పొరపాటున డబ్బు పోతే గంటలోపే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.

మీ పల్లె సరిహద్దులో ఉంది కాబట్టి 108 గురించి ఒక మాట. ఫోను అప్పుడప్పుడు కర్ణాటక టవరును పట్టుకుంటుంది, ఆ సమయంలో 108 నొక్కితే కాల్ ఆ రాష్ట్రం కేంద్రానికి చేరవచ్చు. కన్నడంలో పలికితే కంగారుపడి పెట్టేయకుండా, చిత్తూరు జిల్లా, వి.కోట మండలం, ఫలానా ఊరు, గుడి దగ్గరో పాల కేంద్రం దగ్గరో ఇల్లు అని వరుసగా చెప్పండి. ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే నొప్పుల గాభరాలో ఎవరైనా చదవగలరు. ఏఎన్ఎం నంబరు కూడా దాని కిందే రాయండి. పలమనేరు ఏరియా ఆసుపత్రి నుండి చిత్తూరుకు పంపవలసి వస్తే దారిలో మొగిలి ఘాటు ఉంది, రాత్రిపూట లారీలతో అక్కడ ఆలస్యం కావచ్చు. అందుకే ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తెల్లవారనీ అని ఆగవద్దు. ఏడో నెల దాటాక బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గినట్లు అనిపించినా అంతే: ఎడమ పక్కకు పడుకుని ఫోనులో టైము చూసుకుని రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే బయలుదేరాలి. గుండె చప్పుడు వినిపించే యాప్‌తో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో కానుపు అయితే ఇంటికి చేర్చడానికి 102 బండి ఉంది.

మీరు రాయలేదు గాని, సీమంతం అయ్యాక కోడలు పుట్టింటికి వెళుతుంది కదా! ఫోను నంబరు ఆమెదే అయి ఉండాలని నేను పట్టుబట్టడానికి అది కూడా కారణం. మనిషి ఊరు మారితే కార్డు మీద ఉన్న ఆర్‌సీహెచ్ నంబరుతో (గర్భం నమోదైనప్పుడు ఇచ్చే నంబరు) అక్కడి ఏఎన్ఎం పాత పరీక్షలన్నీ చూడగలదు, కొత్తగా నమోదు చేయనవసరం లేదు. బయలుదేరే ముందు ఇక్కడి ఏఎన్ఎంకు చెప్పి, చేరిన వారంలోపే అక్కడి ఏఎన్ఎంను కలవమనండి. ఇక్కడి ఆమె అక్కడ చూస్తున్నారనుకుని, అక్కడి ఆమె ఇక్కడ చూస్తున్నారనుకుని, ఎనిమిదో నెలలో ఎవరూ చూడని గర్భిణులను నేను ఎందరినో చూశాను. బిడ్డ పుట్టాక వేసే టీకాలను యూ-విన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఎక్కిస్తారు, కాబట్టి మూడో నెలలో మీ ఇంటికి తిరిగొచ్చినా ఏ సూది పడిందో, ఏది పడవలసి ఉందో తెలుస్తుంది. ఆసుపత్రిలో కానుపు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. రాకపోతే ఫోను చేసి పిలిచే హక్కు మీకుంది.

మీ చివరి మాటకు వస్తాను. మీరు ముగ్గురిని ఫోను లేకుండా కన్నారు, నిజమే. మన రాష్ట్రంలో 108 బండి మొదలైంది 2005 ఆగస్టులో, అంటే మీ పిల్లలు పుట్టినప్పుడు పిలవడానికి అది కూడా లేదు. 2001-03లో దేశంలో లక్ష మంది బిడ్డలు ప్రాణంతో పుడితే 301 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 97కు, మన రాష్ట్రంలో 45కు తగ్గింది. ఈ తగ్గుదల ఫోను పుణ్యమని నేను అనను. ఆసుపత్రి కానుపులు, రక్తం నిల్వలు, బండ్లు, ఊరూరా తిరిగే ఏఎన్ఎంలు, ఆశాలు చేసిన పని అది. ఫోను వాళ్ళను సమయానికి పిలుస్తుంది. మీరు ముగ్గురిని పెంచిన అనుభవంతో బిడ్డ ఒళ్ళు వేడిగా ఉందో, పాలు లాగడం లేదో చేయి వేసి చెప్పగలరు. ఫోను అవసరం పడేది శ్వాస దగ్గర: బిడ్డ నిద్రపోతున్నప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున పూర్తి ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే మరొకసారి లెక్కపెట్టండి, మళ్ళీ అలాగే వస్తే ఆసుపత్రికి బయలుదేరండి. అది నేర్చుకోవడానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. ఈలోపు ఏఎన్ఎం వచ్చినప్పుడు నంబరు మార్పించండి; మాత్ర మాత్రం ఈ రాత్రి నుండే మళ్ళీ మొదలుపెట్టించండి.